అత్తారింటికి సముద్రాలు దాటి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, ఆగస్టులో మీరిద్దరూ ఐర్లండ్ వెళ్ళి, అటునుంచి లండన్, పారిస్, రోమ్, ఇస్తాంబుల్ చూసుకుని నెలన్నరకి తిరిగొస్తారని ఒక్క గుక్కలో చెప్పేసింది. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తారింటికి వెళ్తున్నావు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. సికింద్రాబాద్‌లో ట్రావెల్ ఆఫీసులో వీసా ఫారాలు నింపుతూనే నా ఉద్యోగమంతా గడిచింది కదా. ఎవరైనా అయిదు ఊళ్ళ పేర్లు చెప్తే నాకు ముందు కౌంటర్లు కనపడతాయి, ఆ తర్వాతే ఊళ్ళు.

వీసాల గురించి అడిగితే "అవన్నీ తను చూసుకుంటాడులే పెద్దమ్మా, తనకి తిరగడం అలవాటే" అని మెసేజ్ పెట్టావు. అది చదివి కోపమొచ్చింది. తిరగడం అలవాటే, కాదన్ను. కానీ వీసా తీసుకుని తిరగడం అల్లుడికి ఎక్కడ అలవాటు? ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడు పారిస్, రోమ్ ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చు. బ్రిటన్‌లో అయితే ఉద్యోగం కూడా చేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. అతను వీసా కోసం కాగితాలు పోగు చేసింది బహుశా మన దేశం రావడానికే అయుంటుంది. కాబట్టి ఈ ప్రయాణం మొత్తం నీ పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని వెయ్యాలి. ప్రతి టికెట్టూ, ప్రతి మలుపూ "చిట్టికి కుదురుతుందా" అని అడిగాకే బుక్ చెయ్యమను. అతనికి ఎలాగూ కుదురుతుంది.

తేలిగ్గా అయ్యేవి ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్ట్‌లో కనీసం రెండు ఖాళీ పేజీలు, తిరిగొచ్చాక కూడా కొన్ని నెలల గడువు ఉండాలి. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకి కలిపి ఒక్కటే ఉండే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అప్లై చెయ్యొచ్చు, పదిహేను రోజుల కన్నా తక్కువ ఉంటే తీసుకోరు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి, మీకైతే ఫ్రాన్స్. ఆ ప్రాంతం మొత్తంలో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులు దాటి ఉండకూడదు. మీకు ఆ బెంగ లేదు.

తేలిగ్గా కనిపించి దెబ్బకొట్టేది ఒకటుంది. నీకు రెండు వీసాలు కావాలి, ఐర్లండ్‌ది ఒకటి, షెంజెన్‌ది ఒకటి. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంజెన్‌లో లేదు. ఉన్న పాస్‌పోర్ట్ ఒక్కటే, అది ఒకేసారి రెండు ఎంబసీల దగ్గర ఉండలేదు. ఒకళ్ళు తిరిగిచ్చాకే రెండోవాళ్ళకి ఇవ్వాలి. వేసవిలో స్లాట్లు దొరకడమే గగనం. ఉగాది అవ్వగానే ముందు షెంజెన్‌ది పెట్టెయ్యి. జూన్‌లో చూద్దాంలే అన్నావంటే నేనే వచ్చి మీ ఇంట్లో కూర్చుంటాను.

ఐర్లండ్ వీసా సంగతి. మనవాళ్ళకీ చైనావాళ్ళకీ బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్ అని ఒక వెసులుబాటు ఉంది. స్టిక్కర్ మీద బీఐవీఎస్ అన్న అక్షరాలు ఉంటే, ఐర్లండ్ ఇచ్చిన ఆ వీసాతోనే లండన్ కూడా చూసి రావచ్చు, బ్రిటన్‌కి వేరే వీసా అక్కర్లేదు. షరతు ఏమిటంటే, వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. అంటే నువ్వు ముందు డబ్లిన్‌లో దిగాలి. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా డబ్లిన్‌కి టికెట్ చవగ్గా కనపడుతుంది, అల్లుడు ముచ్చటపడి కొనేస్తాడు. కొననివ్వకు. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్ళండి. నాలుగు వేలు ఎక్కువైతే నేనిస్తాను.

ఆ అక్షరాలు లేకుండా మామూలు ఐరిష్ వీసా వచ్చిందనుకో, అప్పుడు ఇంకో భయం. వాళ్ళ ఊరు డండాల్క్ దగ్గరని చెప్పావు. అక్కణ్ణుంచి కారెక్కితే కాసేపట్లో న్యూరీ వస్తుంది, అది ఉత్తర ఐర్లండ్, అంటే బ్రిటన్. దారిలో గేటుండదు, కౌంటరుండదు, రోడ్డు పక్క బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళకి మారతాయి, అంతే. అక్కడివాళ్ళు సరుకులు కొనడానికి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. మీ అత్తగారు ప్రేమగా "పద, న్యూరీలో షాపింగ్ చేద్దాం" అంటారు, డబ్లిన్‌లో రైలెక్కి బెల్‌ఫాస్ట్ చూసొద్దామంటారు. ఆవిడ పుట్టినప్పటినుంచీ వెళ్తున్నారు, నీకు వీసా కావాలన్న ఆలోచనే ఆవిడకి రాదు. ఆపే మనిషి లేడని రూలు లేకుండా పోదు. ఎక్కడో పట్టుబడితే రేపు నువ్వు ఏ దేశానికి అప్లై చేసినా ఆ ఫారంలో రాయాల్సి వస్తుంది. మొహమాటపడకుండా "అత్తయ్యా, నాకు ఆ వీసా లేదు" అని చెప్పు. కొత్త కోడలివని నోరు మూసుకుని కారెక్కకు.

ఇక మా చిన్న మరిది సంగతి. మన ఇళ్ళల్లో దీన్ని ఎవరూ పూర్తిగా చెప్పరు. వాడికీ మా జర్మన్ తోడికోడలికీ పెళ్ళయిన మొదటి ఏడు, 2008 ఎండాకాలం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ఆ పిల్ల పుట్టింట్లో పది రోజులుండి, పారిస్ వెళ్ళారు. పారిస్ హోటల్లో పెద్ద సూట్‌కేసులు వదిలేసి, చేతిసంచులతో మూడు రోజులకి లండన్ వెళ్ళొద్దామని రైలెక్కారు. బ్రిటన్ వీసా వాడు ముందే తీసుకున్నాడు. కానీ షెంజెన్ ఫారంలో ఎన్నిసార్లు ప్రవేశిస్తారన్న గడిలో "ఒకసారి" అని టిక్ పెట్టాడు. యూరప్‌కి ఒకసారేగా వెళ్తున్నామని వాడి లెక్క. నన్ను అడగలేదు. వదినకి చెప్తే నెల్లాళ్ళు క్లాసు పీకుతుందని భయపడ్డాడట.

తిరుగు ప్రయాణంలో లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో, రైలెక్కకముందే ఫ్రాన్స్ వాళ్ళ పాస్‌పోర్ట్ కౌంటర్ ఉంటుంది. ఆ పిల్ల ముందు వెళ్ళింది. పాస్‌పోర్ట్ చూపించింది, దాటేసింది. వీడిది తీసుకున్న అధికారి పేజీలు తిప్పి స్టిక్కర్ దగ్గర ఆగాడు. ఎంట్రీలు అన్నచోట 01 అని ఉంది. పక్క పేజీలో విమానం బొమ్మతో ఫ్రాంక్‌ఫర్ట్ ముద్ర, దాని కింద రైలు బొమ్మతో పారిస్‌లో బయటికి వచ్చిన ముద్ర. ఒకటి అయిపోయింది. వీసా గడువు ఇంకా పన్నెండు రోజులుంది, అయినా ఆ వీసా చచ్చిపోయినట్టే.

అప్పుడు ఆ అధికారి ఒక మాట అడిగాడట, మీరు భార్యాభర్తలని కాగితం ఉందా అని. ఆ పిల్ల గాజు తలుపు అవతల్నుంచి వెనక్కొచ్చి మెడలో మంగళసూత్రం తీసి చూపించింది. కెమెరాలో పెళ్ళి ఫొటోలు చూపించింది. కాగితం లేదు. నాకు ఫోన్ చేశారు. నేను కాకినాడలో మా అత్తగారికి చేశాను. ఆవిడ బీరువా అంతా వెతికితే, రిజిస్ట్రార్ ఆఫీసు సర్టిఫికెట్ పట్టుచీర మడతలో భద్రంగా ఉంది. అప్పటికి ఊళ్ళో ఫ్యాక్స్ షాపులన్నీ కట్టేశారు. వీడు లండన్‌లో ఉండిపోయాడు, ఆ పిల్ల ఒక్కతే పారిస్ వెళ్ళి సామాను తీసుకుని విమానమెక్కింది. శంషాబాద్‌లో ఆ రెండు పెద్ద సూట్‌కేసులూ తోసుకుంటూ బయటికి వచ్చి నన్ను చూడగానే, అంతవరకూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది. తెలుగు ఇంకా సరిగ్గా రాదు పాపం, "అక్కా, నేను వెళ్ళిపోయాను, ఆయన ఉండిపోయారు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. చిట్టీ, ఆ మాట నీ నోటా అల్లుడి నోటా నేను వినకూడదు.

ఆ తర్వాత నేను పట్టుబట్టి తెలుసుకున్నది నీకు బాగా పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి చట్టం ఒకటుంది. యూనియన్ పౌరుడు తన సొంత దేశం కాకుండా యూనియన్‌లోని మరో దేశానికి వెళ్తుంటే, వెంట వెళ్ళే భార్యకి కానీ భర్తకి కానీ వీసా ఫీజు లేకుండా, త్వరగా ఇవ్వాలి. వీసా లేకుండా కౌంటర్ దాకా వచ్చినా, భార్యాభర్తలమని రుజువు చేసుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా వెనక్కి పంపకూడదు. ఆ సర్టిఫికెట్ వాడి జేబులో ఉండుంటే అడగడానికి ఒక దారుండేది. దాన్ని నమ్ముకుని వీసా లేకుండా బయలుదేరమని మాత్రం అనుకోకు, అలాంటి ధైర్యాలు మనకొద్దు.

నీ విషయానికొస్తే, అల్లుడు ఐరిష్ కాబట్టి ఫ్రాన్స్, ఇటలీలకి నీకు ఈ చట్టం వర్తిస్తుంది. ఐర్లండ్ అతని సొంత దేశం కాబట్టి అక్కడికి మామూలుగా వర్తించదు, బ్రిటన్ యూనియన్‌లోనే లేదు. ఫ్రాన్స్ ఫారంలో యూనియన్ పౌరుడి కుటుంబ సభ్యురాలినన్న గళ్ళు జాగ్రత్తగా నింపు. మామూలుగా 90 యూరోలుండే ఫీజు నీకు పడకూడదు. హోటల్ బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు కూడా అడక్కూడదు. ఇన్సూరెన్సు మాత్రం నువ్వు కొనే తీరాలి, 30,000 యూరోలకి తగ్గకుండా. రూలు కోసం కాదు, నా నిద్ర కోసం.

ఇదంతా నువ్వు అతనితో కలిసి వెళ్తేనో, అతను ముందే అక్కడుండి నువ్వు వెళ్ళి కలిస్తేనో. మూడు రోజుల ముందు నువ్వొక్కదానివే పారిస్ వెళ్ళి స్నేహితురాలి దగ్గర ఉంటానన్నావట. ఆ ముచ్చట ఈసారికి మానుకో. కలిసి దిగండి, ఒకే కౌంటర్‌కి వెళ్ళండి, నువ్వు ముందు నిలబడు, అల్లుడు నీ వెనక. నీ పని అయ్యాకే అతను దాటాలి. ఇప్పుడు ముద్రల బదులు వేలిముద్రలు, ఫొటో తీసి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు, కాస్త ఆలస్యమవుతుంది. అతనికి విసుగొచ్చినా వెనకే ఉండమను.

ఎంట్రీల గడిలో "మల్టిపుల్" అనే టిక్ పెట్టు. వీసా రాగానే స్టిక్కర్ మీద మల్ట్ అని ఉందో లేదో అక్కడే చూసుకో. ఇస్తాంబుల్ చివర్న పెట్టుకున్నారు, అది మంచి పని, మధ్యలో పెడితే మళ్ళీ ఎంట్రీల గొడవ. టర్కీ ఈ-వీసా మనవాళ్ళకి ఊరికే రాదు. చెల్లుబాటులో ఉన్న షెంజెన్, బ్రిటన్, ఐర్లండ్ లేదా అమెరికా వీసా ఉంటేనే వస్తుంది. కాబట్టి నీ షెంజెన్ వీసా గడువు రోమ్‌లో విమానమెక్కే రోజుతో ముగిసిపోకుండా చూసుకోండి, ఇస్తాంబుల్‌లో దిగే రోజుకీ బతికుండాలి.

మ్యారేజ్ సర్టిఫికెట్ మీద పేరు చూసుకున్నావా? మన ఇంటిపేర్లతో ఎప్పుడూ తంటాయే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రిజిస్ట్రార్ ఆఫీసులో పొడి అక్షరం వేసి వదిలేస్తారు. రెండూ ఒకే మనిషివేనా అని పరాయి దేశం గుమాస్తా అడిగితే ఏం చెప్తావు? తేడా ఉంటే ఇప్పుడే దిద్దించు. ఆ తర్వాత రాష్ట్రంలో అటెస్ట్ చేయించి, విదేశాంగ శాఖ చేత అపోస్టిల్, అంటే పరాయి దేశాల్లో కూడా చెల్లేలా వేసే ముద్ర, వేయించు. అసలుది నీ హ్యాండ్‌బ్యాగులో, ఒక కాపీ అల్లుడి దగ్గర, ఫోన్‌లో ఒకటి, నాకొకటి. చెకిన్ సూట్‌కేసులో పెట్టకు, బీరువాలో అసలే పెట్టకు.

అల్లుడి సంగతి కూడా మర్చిపోవద్దు. అతని ఇండియా వీసాలో మల్టిపుల్ ఎంట్రీ ఉందా, మీరు తిరిగొచ్చే రోజుకి గడువుందా చూడండి. లండన్, పారిస్ అన్నీ దాటి వచ్చి, చివరికి మనింటి గుమ్మం దగ్గర అతను ఆగిపోతే ఏం బావుంటుంది? పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండగానే, మళ్ళీ మళ్ళీ వీసా తీసుకోకుండా మన దేశం రానిచ్చే ఓసీఐ కార్డుకి అప్లై చేయించు, అప్పుడు ఈ బాధ తీరుతుంది.

వాళ్ళింటికి ఉత్త చేతులతో వెళ్ళకు. మీ అత్తగారికి మంగళగిరి చీర కాకుండా మంచి దుప్పటా తీసుకో, ఆవిడ వాడుకోగలుగుతారు. ఆవకాయ నేను సీసాకెత్తి గట్టిగా సీలు చేయించి పంపిస్తాను. నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి మాత్రం మీ అమ్మ ఎంత బతిమాలినా పెట్టుకోకు, పాలవీ మాంసానివీ అక్కడ ఎయిర్‌పోర్ట్‌లోనే తీసి పారేస్తారు.

ఈ ఆదివారం పాస్‌పోర్టులూ సర్టిఫికెట్టూ పట్టుకుని ఇద్దరూ భోజనానికి రండి. ఫారాలు నా ఎదురుగా నింపుదాం. అల్లుడికి గుత్తి వంకాయ ఇష్టమన్నావుగా, అదే చేస్తాను.

మీ పెద్దమ్మ