యుద్ధం అయ్యాక ట్యాంకులు నిజంగా పొలం పని చేశాయా?

మీరు అడిగినవి రెండు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చారట, నిజమేనా? నిజమైతే ఆ పద్ధతి ఎందుకు నిలవలేదు? మొదటిదానికి జవాబు చిన్నది: నిజమే. రెండోదానికి కాస్త వివరంగా చెప్పాలి. చైన్ డోజర్ల (చైన్ల మీద నడుస్తూ ముందున్న బ్లేడుతో మట్టి నెట్టే బండ్లు) అండర్‌క్యారేజ్, అంటే చైను, దాన్ని నడిపే కింది భాగాల రిపేర్లే నా వృత్తి. మొదట మణుగూరు వైపు ఓ కాంట్రాక్టరు దగ్గర, తర్వాత టాంజానియాలో ఇదే పని చేశాను. ఇంటి దగ్గరేమో కదిరి పక్కన శనక్కాయ సాగు. ఈ కథలో చైనూ ఉంది, శనక్కాయా ఉంది. అందుకే ఎప్పుడు గుర్తొచ్చినా మనసుకు పడుతుంది.

1946లో బ్రిటన్‌లో నూనెలకు, కొవ్వులకు విపరీతమైన కొరత. రేషన్ మీదే బతుకు. అప్పుడు యూనిలీవర్‌కు చెందిన యునైటెడ్ ఆఫ్రికా కంపెనీలో పెద్ద అధికారి అయిన ఫ్రాంక్ సామ్యూల్ ఒక ప్రతిపాదన పెట్టాడు: తూర్పు ఆఫ్రికాలో ఖాళీగా ఉన్న అడవి కొట్టించి యంత్రాలతో వేరుశనగ పండిద్దాం అని. టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) వ్యవసాయ శాఖకు డైరెక్టరుగా చేసిన జాన్ వేక్‌ఫీల్డ్ బృందం వెళ్లి చూసొచ్చింది. ఒక్కోటి 30,000 ఎకరాల చొప్పున 107 క్షేత్రాలు, అంటే 32 లక్షల ఎకరాలు సాగు చేయొచ్చని లెక్క కట్టింది. ఆహార మంత్రి జాన్ స్ట్రేచీ దాన్ని భుజానికెత్తుకున్నాడు. మొదటి మకాం కొంగ్వా.

అంత అడవి నరకాలంటే డోజర్లు కావాలి. ఆ రోజుల్లో కొత్త డోజరు దొరకడం గగనం. అమెరికా నుంచి తెప్పించాలంటే డాలర్లు ఉండాలి, బ్రిటన్ దగ్గర అవే లేవు. దాంతో యుద్ధం వదిలేసిన సరుకు కోసం వెతికారు. ఫిలిప్పీన్స్‌లో అమెరికన్ సైన్యం పారేసి పోయిన పాత ట్రాక్టర్లు కొన్నారు. అవీ చాలకపోయేసరికి న్యూకాజిల్‌లో యుద్ధకాలమంతా ట్యాంకులు చేసిన విక్కర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ కంపెనీకి పని అప్పజెప్పారు. మిగిలిపోయిన అమెరికన్ షెర్మన్ ట్యాంకుల టరెట్టు (పైన ఫిరంగితో తిరిగే గోపురం), పై కవచం తీసేసి, వాటిని చైన్ ట్రాక్టర్లుగా మార్చారు. షెర్మన్‌లో సగం, విక్కర్స్‌లో సగం కలిపి దానికి షెర్విక్ అని పేరు పెట్టారు.

ఆలోచన వింటే సబబుగానే అనిపిస్తుంది. చైను ఉంది, ఇంజను ఉంది, ముప్పై టన్నుల బండిని కొండలెక్కించిన గేర్‌బాక్స్ ఉంది. ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ రోజూ చైను కింద దూరి పని చేసేవాణ్ణి కాబట్టి నాకు తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ట్యాంకు పరిగెత్తడానికి పుట్టింది. షెర్మన్ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతుంది. అంత వేగంలో లోపలి మనుషుల నడుములు విరగకుండా ఉండాలని దాని చక్రాలన్నీ స్ప్రింగుల మీద కూర్చుంటాయి. డోజరు పని దీనికి పూర్తిగా వేరు. నడిచే మనిషి వేగంతో, ఒకే తీరున, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బలంగా నెట్టడమో లాగడమో చేయాలి. అందుకే డోజర్‌లో రోలర్లన్నీ (చైను మీద బండి బరువు మోసే చిన్న చక్రాలు) ఒక గట్టి ఫ్రేముకి బిగించి ఉంటాయి. స్ప్రింగుల మీద ఊగే బండికి బ్లేడు పెడితే నేల మీద అలలు అలలుగా గీస్తుంది. ముక్కు కాస్త దిగితే బ్లేడు లోతుకు దిగుతుంది, బరువు పడి ముక్కు ఇంకా దిగుతుంది. ఆపరేటర్‌కు లివర్‌తో సర్దుకోవడమే సరిపోతుంది.

ఇంకో చిక్కు తిప్పడంలో. షెర్మన్‌లో ఒక పక్క చైను నెమ్మదిస్తే రెండో పక్క చైను వేగం అందుకుంటుంది, రెండూ ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. వేగంగా పోయే బండికి అది మంచి ఏర్పాటే. డోజర్‌లో స్టీరింగ్ క్లచ్ వదిలి బ్రేకు తొక్కితే ఆ పక్క చైను పూర్తిగా ఆగిపోతుంది, బండి ఉన్నచోటే తిరుగుతుంది. చెట్టు మొదలు చుట్టూ తిరిగి వేళ్లు తెంచాలంటే అదే కావాలి. షెర్మన్‌కు వెనక్కి ఒకటే గేరు. ఒక్క షిఫ్టులో డోజరు ఎన్ని వందల సార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుందో క్యాబిన్‌లో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

యుద్ధంలో షెర్మన్‌లకు బ్లేడు తగిలించి వాడిన మాట నిజం. కూలిన గోడలు నెట్టి దారి చేయడానికి, తుపాకుల వర్షంలో గుంతలు పూడ్చడానికి అవి బాగా పనికొచ్చాయి. అది గంటల పని. కొంగ్వాలో అడిగింది ఏళ్ల పని.

ఇక చైను. చైను లింకుల మధ్య పిన్ను, బుష్షు ఉంటాయి. మట్టి లోపలికి చేరితే అది రెండింటినీ సానపడుతుంది. ఒక్కో జాయింట్‌లో వెంట్రుకవాసి అరిగినా మొత్తం చైను సాగిపోయి కిందికి వేలాడుతుంది. చైనును తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, దాని పళ్లు కొనలు తేలి కత్తుల్లా తయారవుతాయి. బుష్షు బయటి వైపు ఒకే పక్క తగులుతుంది కాబట్టి సగం అరిగాక ప్రెస్ మీద పెట్టి పిన్నులు, బుష్షులు ఊడదీసి సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తాం. అలా చేస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది. దీనికి పెద్ద ప్రెస్ కావాలి, విడిభాగాలు కావాలి, చేయి తిరిగిన మనుషులు కావాలి. కొంగ్వాలో మొదటి ఏడాది ఈ మూడూ సరిగా లేవు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 1947లోనే మూలపడ్డాయి. పైగా అక్కడి నేలలో పదునైన ఇసుక ఉంది. తడికి, ఇసుకకు చైను ఎంత త్వరగా పోతుందో మణుగూరులో చూశాను. ఎండిన ఇసుక నేలలో ఇంకెలా పోతుందో టాంజానియాలో చూశాను.

దారెస్సలాం నుంచి డొడొమా పోయే దారిలో కాస్త పక్కకు తిరిగితే కొంగ్వా వస్తుంది. పని మీద అటు వెళ్లినప్పుడు ఆగాను. చుట్టూ బావోబాబ్ చెట్లు. గోల్కొండ నయాఖిల్లాలో హాతియాన్ ఝాడ్ అనే పాత బావోబాబ్‌ను చూసినవాళ్లకు ఆ చెట్టు మొదలు ఎంత లావుంటుందో తెలుసు. అలాంటివి మైదానమంతా ఉంటే డోజర్‌తో నెట్టి పడగొట్టడం అయ్యే పనేనా? దాని చుట్టూ ఉండే ముళ్లపొద ఇంకా మొండిది. పైన నరికితే కింద వేళ్లు అల్లుకుపోయి ఉంటాయి. చివరికి రెండు డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి లాగితే పొద పడిపోతుందని కనిపెట్టారు. నాకు తెలిసి ఆ పథకంలో అందరికంటే తెలివైన ఆలోచన అదే.

మొదటి ఏడాది లక్ష్యం లక్షన్నర ఎకరాలు. 1947 చివరికి చదును చేసింది పదివేలు కూడా లేదు. అంతా ట్యాంకుల మీదికి నెట్టేయడం న్యాయం కాదు. నేలే అసలు దెబ్బ కొట్టింది. అక్కడ మట్టి చేత్తో పట్టుకుని చూశాను. వానకు మెత్తగా ఉంటుంది, ఎండ తగిలిందా సున్నపు గచ్చులా బిగుసుకుంటుంది. శనక్కాయ వేసే ఏ రైతునైనా అడగండి: ఊడలు దిగే వేళ నేల గుల్లగా ఉండాలి, పీకే వేళ తడి పదును ఉండాలి. బిగిసిన నేలలో చెట్టు పీకితే ఆకు చేతికొస్తుంది, కాయలు భూమిలోనే ఉండిపోతాయి. మా ఊళ్లో వాన మొహం చాటేసిన ఏడు జరిగేది అదే. వాన లెక్క, మట్టి లెక్క ఒక్క పంటకాలమైనా చూసుకోకుండా లక్షల ఎకరాలకు యంత్రాలు ఆర్డరు చేయడం నన్నిప్పటికీ బాధపెడుతుంది. 1951 జనవరిలో ప్రభుత్వం చేతులెత్తేసింది. 3 కోట్ల 60 లక్షల పౌండ్లు నీళ్లపాలయ్యాయి. విక్కర్స్ మాత్రం ట్రాక్టర్ల ఆలోచన వదల్లేదు. 1950ల మొదట్లో రోల్స్ రాయిస్ ఇంజనుతో విగర్ అనే కొత్త చైన్ ట్రాక్టరును మొదటినుంచీ ట్రాక్టరుగానే తయారుచేసింది.

అలాగని సైన్యపు చైన్ బండ్లు ఎక్కడా అక్కరకు రాలేదని అనుకోకండి. బండి గుణం, పని గుణం కలిసినచోట బ్రహ్మాండంగా పనిచేశాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ చేసిన కెట్టెన్‌క్రాడ్. ముందు మోటారుసైకిల్ చక్రం, వెనక చైన్లు, ఒపెల్ కారు ఇంజను. హ్యాండిల్ కొంచెం తిప్పితే ముందు చక్రమే తిరుగుతుంది, ఎక్కువ తిప్పితే ఆ పక్క చైనుకు బ్రేకు పడుతుంది. యుద్ధం అయ్యాక కూడా ఎన్‌ఎస్‌యూ 1940ల చివరిదాకా పొలాలకు, అడవి పనులకు కొన్ని వందల బండ్లు తయారుచేసింది. దాని చైను పిన్నుల్లో నీడిల్ బేరింగులు (సన్నని సూదుల్లాంటి రోలర్లున్న బేరింగులు), వాటికి గ్రీజు. ఇప్పటి డోజర్ చైన్లలో పిన్నుకు ఆయిల్ నింపి సీల్ వేస్తున్నాం కదా, ఆ ఆలోచన అప్పుడే ఉంది.

అమెరికాలో స్టూడ్‌బేకర్ చేసిన వీజిల్ మంచు కోసమే పుట్టిన చిన్న చైన్ బండి. నేల మీద దాని ఒత్తిడి మనిషి పాదం ఒత్తిడి కన్నా తక్కువ. యుద్ధం తర్వాత ఫ్రెంచివాళ్లు గ్రీన్‌లాండ్‌లో, నార్వే, బ్రిటన్, స్వీడన్ కలిసి 1949 నుంచి 1952 దాకా అంటార్కిటికాలో దాన్నే నమ్ముకున్నారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులు బ్రెన్ క్యారియర్ల (సైన్యం వాడిన చిన్న చైన్ బండ్లు) కవచాన్ని గ్యాస్ కటింగ్‌తో కోసేసి పొలంలో వాడారు. లోపల ఫోర్డ్ వీ8 ఇంజను కాబట్టి సామాన్లకు ఇబ్బంది పడలేదు.

షెర్మన్‌కూ చివరికి తగిన పని దొరికింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అడవుల్లో దుంగలు లాగే ఉక్కు స్తంభాలను, రాళ్లకు రంధ్రాలు వేసే డ్రిల్లులను దాని చాసిస్ మీద ఎక్కించారు. అక్కడ చైను చేసేదల్లా కొండవాలు ఎక్కి ఒకచోట కదలకుండా నిలబడడం. బరువే బలం. 1991లో కువైట్ చమురు బావులు తగలబడినప్పుడు హంగరీవాళ్లు సోవియట్ టీ-34 ట్యాంకు మీద మిగ్-21 యుద్ధవిమానం జెట్ ఇంజన్లు రెండు బిగించి, వాటి గాలిలోకి నీళ్లు వదిలి మంటలు ఆర్పింది కూడా ఆ లెక్కనే. జెట్ ఇంజను వెనక్కి తన్నే తన్నుకు తేలికబండి నిలవదు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. 1947 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను పెట్టింది. మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టి బీడుపడిన లక్షల ఎకరాలను బాగుచేయడం దాని పని. రెల్లు వేరు లోతుకు పోతుంది కాబట్టి నడివేసవిలో లోతుగా దున్ని, వేళ్లను ఎండకు చంపాలి. మామూలు నాగలికి లొంగదు. మొదట అమెరికన్ సైన్యం వదిలివెళ్లిన చైన్ ట్రాక్టర్లతోనే దిగారు. అవి ట్యాంకులు కావు, సైన్యం రోడ్లు, విమానాశ్రయాలు వేయడానికి తెచ్చుకున్న అసలైన ట్రాక్టర్లు. అయినా పాతవి పాతవే. 1949లో ప్రపంచ బ్యాంకు నుంచి కోటి డాలర్లు అప్పు తెచ్చి, ఆ రెల్లు భూముల కోసం కొత్త ట్రాక్టర్లు కొన్నారు.