పుల్ల బీరు పాడైనట్టేనా?

ప్రశ్న: బ్రసెల్స్‌లో మా అబ్బాయి గూజ్ అనే బీరు తాగించాడు. విపరీతమైన పులుపు, పైగా పశువుల కొట్టం వాసన. పాడైన సీసానా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాదండీ, దాని తీరే అంత. అందులో విడిగా ఈస్ట్ కలపరు. గోధుమ, బార్లీ మాల్ట్ రసాన్ని మరిగించి, చలి రాత్రుల్లో లోతులేని వెడల్పాటి తొట్టిలో చల్లారబెడతారు. గాల్లోవి, పీపాల చెక్కలోవి సూక్ష్మజీవులే పులియబెడతాయి. మన కల్లు పులిసినట్టే, కాకపోతే ఏళ్ల తరబడి! కొట్టం వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిలవున్నవి కలిపి సీసాకెత్తితే గూజ్. 1900లో మొదలైన కాంటియోన్ అనే బ్రసెల్స్ బీరు తయారీశాలలో నేనూ రుచి చూశాను. మొదటి గుటకకి మొహం ముడుచుకుంది, కాసేపటికి పచ్చి ఆపిల్, ద్రాక్ష తొక్క తగిలాయి. మరీ చల్లగా తాగితే పులుపే మిగులుతుంది. వెనిగర్ ఘాటు ముక్కుకి కొడితే మాత్రం ఇంకో సీసా అడగండి.