పునరుజ్జీవనమా, ప్రతిసృష్టా?

సందేహం: ఎప్పుడో అంతరించిన డైర్ తోడేళ్లను తిరిగి పుట్టించామని ఒక అమెరికా కంపెనీ ప్రకటించిన వార్త 2025 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఒక పత్రిక ‘పునరుజ్జీవనం’ అని రాసింది, ఇంకొకటి ‘పునర్సృష్టి’ అంది, ఒక చానల్ వాళ్లు ‘పునర్జన్మ’ అన్నారు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఏ మాట వాడాలి? అసలు ‘అంతరించిన’ జంతువు తిరిగి వచ్చిందనడంలోనే వైరుధ్యం లేదా? (ఖమ్మం నుంచి ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని)

సమాధానం: అమ్మా, తేలికగా తేలేవి ముందు తేల్చేద్దాం. ‘పునర్సృష్టి’ తప్పు. సకారం ముందు ఆ రేఫ నిలవదు కనుక పునఃసృష్టి అనో పునస్సృష్టి అనో రాయాలి. ‘పునర్‌ప్రారంభం’, ‘పునర్‌పరిశీలన’ కూడా ఈ కోవలోవే. రోజూ లక్షల మంది చదివే పత్రికలకు ఈ మాత్రం పట్టింపు ఉండాలి. ఇక పునర్జన్మ ఎత్తేది జీవుడు, జాతి కాదు. ఆ మాటను వేదాంతానికి వదిలేయండి.

పునరుజ్జీవనానికి మన సాహిత్యంలో గీటురాయి కచుడి కథ. నన్నయగారి ఆదిపర్వం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. రాక్షసులు చివరిసారి కచుణ్ణి కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి, శుక్రాచార్యుడి చేతే తాగిస్తారు. మృతసంజీవని ప్రభావంతో గురువు కడుపులోంచి బయటికొచ్చినవాడు ఎవరు? ఆ కచుడే. నేర్చిన విద్య పోలేదు, పట్టిన వ్రతం పోలేదు. పోయిన ప్రాణం పోయినవాడికే తిరిగి వస్తే అది ఉజ్జీవనం. కణాలూ అండాలూ పెట్టి ప్రయోగశాలలో చేసే ఏ పనికీ ఈ మాట అతకదు. సాంస్కృతిక పునరుజ్జీవనం వంటివి లాక్షణిక ప్రయోగాలు, వాటితో పేచీ లేదు.

మరి పునఃసృష్టి? దానికి కాస్త అర్హత ఉన్నది ఒక్క బుకార్డో. ఇది పిరనీస్ కొండల్లో తిరిగిన అడవిమేక. చివరికి మిగిలిన ఆడమేకకు సెలియా అని పేరు పెట్టారు. 1999లో దాని చెవి దగ్గర చర్మం ముక్క తీసి, కణాలను ద్రవ నత్రజనిలో దాచారు. 2000 జనవరిలో చెట్టు మీదపడి అది చచ్చిపోయింది. ఆ తరవాత పెంపుడు మేకల అండాల్లోంచి కేంద్రకాలు తీసేసి, వాటిలో సెలియా కణాలను చేర్చి, పిండాలుగా పెంచి 57 ఆడమేకల గర్భాల్లో పెట్టారు. చూలు నిలిచినవి 7. 2003 జూలై 30న పుట్టింది ఒక్క పిల్ల. ఊపిరితిత్తుల లోపంతో అదీ కొన్ని నిమిషాల్లోనే పోయింది. ఆ పిల్ల కేంద్రకం అచ్చంగా సెలియాదే గానీ మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు, వీటికీ సొంత డీఎన్‌ఏ ఉంటుంది) మాత్రం పెంపుడు మేక అండంలోవి. పోనీ బతికి బట్టకట్టినా దానికి జతకట్టే పోతు లేదు, పోతుపిల్ల పుట్టడానికి కావలసిన వై క్రోమోజోము దాచినవారు లేరు. అయినా పాత కేంద్రకం మొత్తంగా, చెక్కుచెదరకుండా వచ్చింది కాబట్టి దాన్ని పునఃసృష్టి అనడానికి నాకు అభ్యంతరం లేదు.

డైర్ తోడేలు సంగతి వేరు. దాన్ని ప్రకటించిన అమెరికా కంపెనీ కొలోసల్ బయోసైన్సెస్ వారి దగ్గర దాచిన కణం లేదు. ఉన్నవి సుమారు 13,000 ఏళ్ల నాటి పన్ను, 72,000 ఏళ్ల నాటి పుర్రె, వాటిలో మిగిలిన డీఎన్‌ఏ తునకలు. చెదలు తిన్న తాళపత్ర ప్రతిలో గ్రంథపాతాలను ఇంకో ప్రతి చూసి పూరించే పరిష్కర్తలాగా, ఈ తునకలను బతికున్న తోడేళ్ల, కుక్కల జన్యుపాఠం పక్కన పెట్టి చదువుకుంటూ పోయారు. చదవడం వరకు గొప్ప పనే. రాసేటప్పుడు మాత్రం ఆ పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా ఎత్తి రాయలేదు. బూడిదరంగు తోడేలు నెత్తుటి కణం తీసుకుని, 14 జన్యువుల్లో 20 చోట్ల దిద్ది, కుక్క అండంలో పెట్టి, కుక్క గర్భంలో పెంచారు. ఒళ్లు పెద్దదై, తెల్లని ఒత్తు బొచ్చు వచ్చింది. డైర్ తోడేలు, బూడిదరంగు తోడేలు జన్యుపాఠాలు 99.5 శాతం ఒకటేనని కంపెనీవారే చెబుతున్నారు. 240 కోట్ల అక్షరాల పాఠంలో మిగిలిన అర శాతమంటే 1.2 కోట్ల తేడాలు. దిద్దినవి 20. ఈ పనిని ‘జన్యుమార్పిడి’ అని రాస్తున్నారు, అదీ సరికాదు. వేరే జీవి జన్యువును తెచ్చి చొప్పిస్తే జన్యుమార్పిడి, ఉన్నదాన్ని ఉన్నచోటే దిద్దితే జన్యుసవరణ.

ఇక్కడికి సరిపోయే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. అదే ప్రతిసృష్టి. దాని బలమంతా ‘ప్రతి’లో ఉంది. ప్రతిదినంలో ఒక అర్థం, ప్రతిఘటనలో ఇంకొకటి, రాతప్రతిలో మరొకటి. వాటిని పక్కన పెడదాం. పాణిని ‘ప్రతిః ప్రతినిధిప్రతిదానయోః’ అని సూత్రం చేశాడు. ఒకరి బదులు నిలిచేవాణ్ణి చెప్పడానికీ, ఒకటి పుచ్చుకుని ఇంకొకటి ఇవ్వడాన్ని చెప్పడానికీ ఈ ‘ప్రతి’ వస్తుందన్నమాట. ‘ప్రద్యుమ్నః కృష్ణాత్ ప్రతి’ అనేది వ్యాకరణం చదివేవారు వల్లించే ఉదాహరణ. ప్రద్యుమ్నుడు కృష్ణుడి స్థానంలో నిలబడగలడు, కృష్ణుడు కాలేడు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో ఈ విషయంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వాడిన ‘ప్రాక్సీ’ అనే ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు ‘ప్రతినిధి’యే. పోయిన జంతువు అడవిలో చేసే పనిని చేయగలిగితేనే దాన్ని ప్రతినిధి అనాలని అక్కడి ఉద్దేశం. కుక్కలూ తోడేళ్లూ చేరే కుటుంబం మీద ఆ సంఘంలోనే పనిచేసే నిపుణుల బృందం రోములస్, రెమస్, ఖలీసీ అనే ఈ మూడు పిల్లలూ డైర్ తోడేళ్లూ కావు, వాటి ప్రతినిధులూ కావు అని తేల్చింది.

ప్రతినిధి కూడా కాకపోతే మరి ఏమిటి? ఇక్కడ నేను వాల్మీకిని ఆశ్రయిస్తాను. త్రిశంకు స్వర్గం కథ బాలకాండ అరవయ్యో సర్గలో ఉంది. దేవతలు త్రిశంకుణ్ణి తలకిందులుగా తోసేస్తే, విశ్వామిత్రుడు కోపంతో దక్షిణ దిక్కున ‘సప్తర్షీన్ అపరాన్’ సృష్టిస్తాడు. అపరాన్ అంటే వేరే సప్తర్షులని. ఉత్తరాన ఉన్న ఆ ఏడుగురినే మళ్లీ చేశాడని కవి అనలేదు. నక్షత్రమాలనూ కొత్తగా పేరుస్తాడు. అంతటితో ఆగక ‘అన్యమింద్రం కరిష్యామి’ అంటాడు, ఇంకో ఇంద్రుణ్ణి చేస్తానని. ఆ ముని అహం ఆకాశాన్నంటిన ఘట్టంలో కూడా ఈ కొత్తవాడే ఆ ఇంద్రుడని అనిపించలేదు వాల్మీకి. అపర, అన్య అనే ఆ రెండు మాటల ఎంపిక చూడండి. పని ఎంత ఘనమైనా, చేసింది ఇంకొకటే అని కవి స్పష్టంగా చెప్పాడు. ఇంతటి నిక్కచ్చితనం నేటి శాస్త్రవార్తలు రాసేవారికి ఎందుకు పట్టదో నాకు బోధపడదు.

ప్రతిసృష్టి మీద రెండు ఆక్షేపణలు రావచ్చు. పురాణ పంచలక్షణాల్లో ప్రతిసర్గం ఉంది, ప్రళయం తరవాత జరిగే మరుసృష్టిని అలా అంటారు. అక్కడ ‘ప్రతి’కి ‘తిరిగి’ అనే అర్థం చెప్పుకోవాలి. అప్పుడు నేను గీసిన గీత కొంత చెరుగుతుంది, కాదనను. రెండోది, ‘విశ్వామిత్ర సృష్టి’ అంటే జనం నోట తక్కువచూపు ధ్వనిస్తుంది. తరగతిలో ఆ ధ్వని ఇబ్బంది అనుకుంటే ఈ తరహా పనులన్నిటికీ కలిపి ‘జాతి పునరుద్ధరణ యత్నం’ అనండి. ‘యత్నం’ మాత్రం వదలకండి. జరిగిన పనిని చెప్పేటప్పుడు బుకార్డోకు పునఃసృష్టి, డైర్ తోడేలుకు ప్రతిసృష్టి. ప్రస్తుతానికి నా మొగ్గు ఇటే.

‘అంతరించు’ సంగతి. అంతరమనే శబ్దానికి ఇంచుక్కు, అంటే ‘ఇంచు’ అనే ప్రత్యయం, చేరిందనవచ్చు. సంస్కృతంలో అంతరితం కూడా ఉంది. లోపలికి పోయినది, అడ్డు వెనక చేరి కనబడనిది అని దానికి తొలి అర్థం, నశించినది అనే అర్థం దాని వెంటే వస్తుంది. ఆ తొలి అర్థంలో చూస్తే మీరన్న వైరుధ్యం లేదు. కడప జిల్లా కలివికోడి 1900 తరవాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న పక్షి. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని ‘పునరుజ్జీవం పొందింది’ అని రాస్తే తప్పు, ‘జాడ దొరికింది’ అనాలి.

చీతాకు ఇంకో జాగ్రత్త కావాలి. 1952లో అంతరించినట్టు ప్రకటించింది మన దేశం వరకే, ఆసియా చీతా ఇరాన్‌లో ఇప్పటికీ ఉంది. కాబట్టి ‘మన దేశంలో’ అని తప్పక చేర్చండి. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చిన 8 చీతాలు ఆఫ్రికా ఉపజాతివి. జాతి మాత్రం ఒకటే కనుక, ఆ పని పునఃప్రవేశం అవుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ అంతకు చాలా ముందే ఇరాన్ చీతా కణాలతో క్లోనింగ్ చేయాలనుకుంది, ఇరాన్ ఇవ్వలేదు. ఇచ్చి ఉన్నా, బతికున్న జంతువు కణంతో చేసే పని కనుక అది పునఃసృష్టి కాదు, ప్రతిసృష్టీ కాదు. దాన్ని క్లోనింగ్ అనే రాయండి, పిల్లలకు తెలిసిన మాటే.