విశ్వం సాగితే ఆ ముడి తెగుతుందా?

ప్రశ్న: ఒకే చోట పుట్టి పెనవేసుకున్న రెండు ఫోటాన్లు (వెలుగు కణాలు) చెరో దిక్కుకు వెళ్లిపోయాయనుకుందాం. విశ్వం వ్యాకోచిస్తూనే ఉంటుంది కాబట్టి, కొంతకాలానికి ఒకటి ఉన్న చోటు నుంచి రెండోది ఉన్న చోటుకు వెలుగు కూడా చేరలేనంత ఎడం ఏర్పడుతుంది. అప్పుడు వాటి మధ్య బంధం సాగి సాగి తెగిపోదా? తెగకపోతే, వెలుగే దాటలేని దూరాన్ని ఆ బంధం ఎలా దాటుతోంది?
(డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తెగదు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ ప్రకటన వచ్చినప్పటి నుంచి ఎంటాంగిల్‌మెంట్ (పెనవేత) గురించి అడిగేవారు ఎక్కువయ్యారు గాని, దానిని విశ్వ వ్యాకోచంతో కలిపి అడిగిన ఉత్తరం ఇదే మొదటిది. అందుకే వివరంగా రాస్తున్నాను.

చిక్కంతా ‘బంధం’ అనే మాటలోనే ఉంది. ఆ మాట వినగానే మనసులో ఒక దారం మెదులుతుంది, దారమన్నాక సాగాలి, తెగాలి. పెనవేత దారం కాదు, గురుత్వాకర్షణ వంటి బలం కూడా కాదు. రెండు ఫోటాన్లకు విడివిడిగా చెప్పదగిన స్థితి లేకుండా, రెండింటికీ కలిపి ఒకే స్థితి ఉండటాన్నే 1935లో భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ ఎంటాంగిల్‌మెంట్ అన్నారు. ఆ స్థితిని వర్ణించే సూత్రంలో రెండింటి మధ్య దూరం ఎంత అన్న అంకె ఎక్కడా రాదు. రాని అంకె పెరిగితే పెనవేత సడలుతుందనుకోవడానికి ఆధారం లేదు.

ధ్రువణాన్ని, అంటే వెలుగు అల ఊగే దిశను, ఉదాహరణగా తీసుకుందాం. మీ దగ్గర రెండు పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు ఉంటే, ఒక అద్దం మీద మరో అద్దం ఆనించి కిటికీ వైపు పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడండి. వెలుగు తగ్గుతూ తగ్గుతూ 90 డిగ్రీల దగ్గర దాదాపు నల్లబడిపోతుంది. ఒంటరి ఫోటాన్‌కు సగం సగం వెలుగు అనేది ఉండదు, అద్దం గుండా పోతుంది లేదా ఆగిపోతుంది. తగిన విధంగా పెనవేసిన జంటలో ఒక్కో ఫోటాన్ పోతుందో ఆగుతుందో నాణెం ఎగరేసినట్టే ఉంటుంది గాని, రెండు చోట్లా అద్దాలను ఒకే కోణంలో పెడితే మాత్రం పోతే రెండూ పోతాయి, ఆగితే రెండూ ఆగుతాయి. పుట్టేటప్పుడే ఏం చేయాలో లోపల రాసిపెట్టుకుని బయలుదేరాయేమో అన్న అనుమానం సహజం. అలా రాసిపెట్టుకుని ఉంటే, వేర్వేరు కోణాల్లో వచ్చిన ఫలితాలను కలిపి లెక్కగట్టే ఒక సంఖ్య 2 దాటకూడదని భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ 1964లో వేసిన బాటలో తేలింది. క్వాంటమ్ సిద్ధాంతం దాన్ని సుమారు 2.83 దాకా వెళ్లనిస్తుంది, ప్రయోగాల్లో అది 2 దాటుతూనే ఉంది. ఆ ప్రయోగాలకే క్లౌజర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది.

ఇక వ్యాకోచం సంగతి. పాత లంగా ఎలాస్టిక్ ముక్క మీద బాల్‌పెన్నుతో అలల గీత గీసి, రెండు చివర్లూ పట్టుకుని లాగండి. అలల మధ్య ఎడం పెరుగుతుంది గాని, గీత పైకీ కిందికీ ఊగిన దిశ మారదు. ఫోటాన్‌కు జరిగేది ఇంచుమించు ఇదే: తరంగదైర్ఘ్యం పెరిగి శక్తి తగ్గుతుంది, ధ్రువణం నిలుస్తుంది. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ల వయసులో బయలుదేరిన నేపథ్య వికిరణం (విశ్వమంతటా నిండి ఉన్న తొలినాటి వెలుగు) తరంగదైర్ఘ్యం ఇప్పటికి సుమారు 1100 రెట్లు సాగింది, అయినా దానిలోని ధ్రువణాన్ని 2002లో దక్షిణ ధ్రువం వద్ద ఉన్న డాసీ పరికరంతో పట్టుకోగలిగారు.

పెనవేతను నిజంగా పాడుచేసేది దూరం కాదు, దారిలో తగిలే పదార్థం. ఫోటాన్ ఏ ధూళి కణాన్నో తాకితే పెనవేత ఆ కణంతోనూ, దాని చుట్టూ ఉన్నవాటితోనూ కలిసిపోయి, మొదటి జంటను మాత్రమే చూసేవారికి కనబడకుండా పోతుంది. ఆ లెక్కన గెలాక్సీల నడిమి శూన్యం కంటే మన వీధి గాలే పెనవేతకు ఎక్కువ ప్రమాదం.

మీ రెండో ప్రశ్న నాకు ఇంకా విలువైనదిగా తోచింది. వెలుగు దాటలేని దూరాన్ని పెనవేత దాటడం లేదు, ఎందుకంటే అటు నుంచి ఇటు ఏదీ రావడం లేదు. మీ దగ్గరి ఫోటాన్ ఫలితాలు మీ నోట్‌బుక్‌లో వరుసా పొంతనా లేని ‘పోయింది’, ‘ఆగింది’ అన్న మాటలే. అవతలి మనిషి నోట్‌బుక్‌లోనూ అంతే. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టినప్పుడే పోలిక బయటపడుతుంది, ఆ పుస్తకం మామూలు కబురుగా, వెలుగును మించని వేగంతో రావాలి. ఇప్పుడు మనకు సుమారు 1600 కోట్ల కాంతి సంవత్సరాలకు ఆవల ఉన్న చోటు నుంచి ఈ రోజు బయలుదేరే వెలుగు, వ్యాకోచం త్వరపడుతున్నందువల్ల, మనల్ని ఎన్నటికీ చేరదు. అక్కడ రాసిన పుస్తకం కూడా చేరదు. పోయేది పెనవేత కాదు, దాన్ని సరిచూసుకునే అవకాశం.

ఒక విషయం దాచకూడదు. 2017లో చైనా ఉపగ్రహం మిసియస్ సుమారు 1200 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కేంద్రాలకు పెనవేసిన ఫోటాన్లను పంపింది, గెలాక్సీల నడుమ అటువంటి పరీక్ష ఎవరూ చేయలేదు. 2018 నాటి ప్రయోగంలో క్వేజార్ల (బహుదూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాల) వెలుగును వాడిన మాట నిజమే గాని, పెనవేసినవి ఆ ఫోటాన్లు కావు. ఏ కోణంలో కొలవాలో నిర్ణయించడానికే ఆ పురాతన వెలుగును వాడుకున్నారు. కాబట్టి పైన చెప్పినది బాగా పరీక్షకు నిలిచిన రెండు సిద్ధాంతాలను, అంటే క్వాంటమ్ సిద్ధాంతాన్నీ విశ్వ వ్యాకోచ సిద్ధాంతాన్నీ, కలిపి చేసిన నిర్ధారణ.

ప్రశ్న: వ్యాకోచం పెనవేతను తెంచకపోతే, కొత్తగా పుట్టించగలదా?
(ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: పుట్టించగలదు. వ్యాకోచించే విశ్వంలో శూన్యం నుంచి కణాలు జంటలుగా పుట్టవచ్చని ష్రోడింగర్ 1939లోనే గమనించారు, 1960లలో లెనార్డ్ పార్కర్ దాన్ని గణితంలో స్థిరపరిచారు. జంటలోని రెండూ ఎదురెదురు దిక్కులకు సమాన ద్రవ్యవేగంతో, పెనవేసుకునే పుడతాయి. ఇప్పటి వ్యాకోచం అందుకు మరీ నెమ్మది. తొలి క్షణాల్లో ఇన్‌ఫ్లేషన్ (అతివేగపు వ్యాకోచం) జరిగిందన్న సిద్ధాంతం ప్రకారం మాత్రం, అలా సాగిన శూన్యపు కదలికలే తరువాత గెలాక్సీలకు విత్తనాలయ్యాయి. వాటి ఎగుడుదిగుళ్లు నేపథ్య వికిరణంలో లక్షకు ఒక వంతు తేడాలుగా కనిపిస్తున్నాయి. ఆ తేడాల్లో పెనవేత జాడ వెతకడం కష్టం, ఎందుకంటే ఆ ఆదిమ కదలికలు ఆ తరువాత తమ చుట్టూ ఉన్న వేడి పదార్థమంతటితోనూ కలిసిపోయాయి.