24 వోల్టుల బ్యాటరీ ఆర్డ్యునో ఊనో బోర్డులో 25.5 అని ఎందుకు చూపిస్తోంది?

బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఊనో పిన్‌కి ఇవ్వడానికి మీరు రెండు రెసిస్టర్లతో డివైడర్ కట్టి, పైన (బ్యాటరీ ప్లస్ వైపు) 1 మెగా ఓమ్, కింద (గ్రౌండ్ వైపు) 200 కిలో ఓమ్ పెట్టారు. ల్యాప్‌టాప్‌కి కలిపితే 25.5, అడాప్టర్‌తో 24 వస్తోంది, పైగా అంకెలు గెంతుతున్నాయి అన్నారు. తప్పు కోడ్‌లో లేదు.

డివైడర్ లెక్క సరిగ్గానే ఉంది, పిన్ దగ్గర 4 వోల్టులు వస్తాయి. కానీ ఏడీసీ (పిన్ వోల్టేజీని 0 నుంచి 1023 దాకా ఉండే అంకెగా, అంటే కౌంట్‌గా మార్చే భాగం) చెప్పేది వోల్టులు కాదు, రిఫరెన్స్‌లో, అంటే పోల్చి చూసే వోల్టేజీలో ఎన్నో వంతు అన్నది. మీ రిఫరెన్స్ ఏమో బోర్డు 5 వోల్టుల లైను. యూఎస్‌బీ మీద అది 4.7కి దిగితే 819 రావాల్సిన కౌంట్ 871 అవుతుంది, కోడ్ దాన్ని 25.5గా లెక్కేస్తుంది. ఛార్జింగ్‌లో బ్యాటరీ 28.8కి చేరితే పిన్ మీద 4.8, ఇక రీడింగ్ 1023 దగ్గరే ఇరుక్కుంటుంది.

గెంతులకు కారణం వేరు. మీ రెసిస్టర్లు రెండూ కలిసి పిన్‌కి 167 కిలో ఓమ్‌లుగా కనిపిస్తాయి. ఊనోలోని చిప్ ఏటీమెగా328పీకి ఇది 10 కిలో ఓమ్‌లు మించకూడదు.

పైన 100 కిలో ఓమ్, కింద 3.3 కిలో ఓమ్ పెట్టండి, 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి. కింది దానికి అడ్డంగా, పిన్‌కి దగ్గర్లో 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్. కోడ్‌లో రిఫరెన్స్‌ని ఇంటర్నల్ 1.1 వోల్టులకు మార్చండి, ఏరెఫ్ పిన్‌కి (రిఫరెన్స్ పిన్) బయటి వోల్టేజీ ఇవ్వకండి. ఇలా 34.4 వోల్టుల దాకా కొలవొచ్చు, కౌంటుకు సుమారు 34 మిల్లీవోల్టులు. కింది రెసిస్టర్ ఊడినా పిన్‌లోకి వెళ్లేది పావు మిల్లీఆంపియర్ లోపే. రెండూ తారుమారైతే మాత్రం 5 మిల్లీఆంపియర్లు దాటుతుంది, పిన్ పోవచ్చు. అందుకే పిన్ వైరు కలిపే ముందు మధ్య బిందువు దగ్గర మీటరు పెట్టి 0.77 వోల్టులు వస్తోందో లేదో చూడండి.

ఆ 1.1 అన్నది చిప్‌ని బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు, కాబట్టి లెక్కగట్టిన గుణకాన్ని (కౌంటుకు ఎన్ని మిల్లీవోల్టులో చెప్పే అంకెని) నమ్మొద్దు. రిఫరెన్స్ మార్చాక మొదటి కొన్ని రీడింగులు పారేసి, 16 రీడింగుల సగటు తీయండి. మీటరు 25.12 చూపిస్తుంటే సగటు 741 వచ్చిందనుకోండి, మీ గుణకం 33.90 మిల్లీవోల్టులు. రెసిస్టర్ల తేడా కూడా అందులోనే సర్దుకుపోతుంది. ఊనో కోడ్‌లో ఇంట్ రకం అంకెకి 16 బిట్లే, 741ని 3390తో (33.90ని దశాంశం లేకుండా రాస్తే) గుణిస్తే పొంగిపోయి చెత్త అంకె వస్తుంది, ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకం వాడండి.

బోర్డు గ్రౌండ్ వైరు నేరుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కే వేయండి. అదే బ్యాటరీతో నడిచే మోటారు మైనస్ వైరు మధ్యలో కలిపితే, 10 ఆంపియర్లు లాగేటప్పుడు ఆ వైరు 0.02 ఓమ్‌లకే 0.2 వోల్టులు తినేస్తుంది, అంటే 6 కౌంట్లు.