ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ స్క్రిప్టులో ప్రోరెస్ ఫార్మాట్ ఎలా పెట్టాలి?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇదీ: వీడియో గ్రాఫిక్స్ తయారుచేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పదుల కొద్దీ పేరు పట్టీలు (వీడియో మీద పేర్లు చూపే పట్టీలు), ఒక్కొక్కటి ఒక్కో కాంపోజిషన్, అంటే విడి అమరిక. స్క్రిప్టు వాటిని రెండర్ క్యూలోకి (వీడియో ఫైళ్లుగా బయటికి తీయాల్సినవాటి వరుసలోకి) చక్కగా ఎక్కిస్తోంది కానీ, ఫైలు ఎలా రావాలో నిర్ణయించే అవుట్‌పుట్ మాడ్యూల్ మీద సెట్‌సెట్టింగ్స్ వాడి ఫార్మాట్‌ను క్విక్‌టైమ్‌గా, కోడెక్‌ను (వీడియోను కుదించే పద్ధతిని) ప్రోరెస్ 4444గా మార్చబోతే మాట వినడం లేదు.

వినదు. గెట్‌సెట్టింగ్స్ ఫార్మాట్ పేరును చూపిస్తుంది కాబట్టి మార్చడం కూడా కుదురుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. చానళ్లు, కలర్ డెప్త్, సైజు, క్రాప్, ఫైలు పేరు వంటివి స్క్రిప్టు మార్చగలదు. ఫార్మాట్, దాని లోపలి కోడెక్ ఆప్షన్లు మాత్రం చదవడానికే. ఎన్ని రకాలుగా రాసినా ఆ తలుపు తెరుచుకోదు, దాని మీద సమయం పెట్టకండి.

దారి టెంప్లేట్, అంటే ఒక పేరుతో దాచుకున్న సెట్టింగుల కట్ట. ఎడిట్ మెనూలోని టెంప్లేట్స్‌లో అవుట్‌పుట్ మాడ్యూల్ తెరిచి, క్విక్‌టైమ్, ప్రోరెస్ 4444, చానళ్లలో ఆర్‌జీబీతో పాటు ఆల్ఫా (పారదర్శకతను దాచే చానల్) చేతితో ఎంచుకుని, దానికి ఒక పేరు పెట్టి దాచుకోండి. పట్టీల వెనుక పారదర్శకత కావాలి కాబట్టి 4444 తప్పనిసరి. 422 హెచ్‌క్యూలో ఆల్ఫా ఉండదు. స్క్రిప్టులో చేయవలసిందల్లా అప్లై‌టెంప్లేట్‌కు ఆ పేరు ఇవ్వడం. ఫైలు దారిని దాని తర్వాతే ఇవ్వండి. నేను ఎప్పుడూ ఈ వరుసే పాటిస్తాను, ఎక్స్‌టెన్షన్ తికమక రాదు.

అసలు తలనొప్పి రెండో కంప్యూటర్ దగ్గర మొదలవుతుంది. టెంప్లేట్లు ప్రాజెక్టు ఫైలుతో ప్రయాణించవు, ఆ కంప్యూటర్ ప్రిఫరెన్సుల్లోనే ఉండిపోతాయి. పేరు దొరకకపోతే అప్లై‌టెంప్లేట్ ఎర్రర్ ఇచ్చి స్క్రిప్టును మధ్యలో ఆపేస్తుంది. అందుకే మొదటి కాంపోజిషన్‌ను క్యూలోకి వేయగానే అవుట్‌పుట్ మాడ్యూల్‌లోని టెంప్లేట్స్ జాబితాలో మన పేరు ఉందో లేదో వెతికి, లేకపోతే అలర్ట్ చూపించి అక్కడే ఆగిపోయేలా రాస్తాను. సగం పట్టీలు వేరే ఫార్మాట్‌లో బయటికి వచ్చాక తెలుసుకోవడం కన్నా అది నయం. టెంప్లేట్‌ను పక్క కంప్యూటర్‌కు చేర్చడానికి అదే విండోలో సేవ్ ఆల్ నొక్కితే ఏఓఎం ఫైలు వస్తుంది; అవతల లోడ్ చేస్తే చాలు. చేతితో ఒకసారి అమర్చిన ప్రాజెక్టు ఉంటే, దాన్ని తెరిచి స్క్రిప్టుతోనే సేవ్‌యాజ్‌టెంప్లేట్ చేయడం ఇంకో మార్గం.

క్లయింటు హెచ్.264 (మామూలు ఎంపీ4 వీడియోల్లో వాడే కోడెక్) అడిగితే, 2023 వెర్షన్ నుంచి అది మళ్లీ రెండర్ క్యూలోనే ఉంది, ఇదే పద్ధతి పనిచేస్తుంది. పాత వెర్షన్లలో మీడియా ఎన్‌కోడర్ అనే వేరే ప్రోగ్రామ్‌కు పంపాలి.

ఫైలు పేర్ల గురించి కూడా. కాంపోజిషన్ పేరే ఫైలు పేరుగా వాడుతున్నారు కదా? ‘వార్తలు 12/3’ అని ఎవరైనా పెట్టి ఉంటే, ఆ గీతను స్క్రిప్టు ఫోల్డరు హద్దుగా తీసుకుని, లేని ఫోల్డరు కోసం వెతుకుతుంది. అలాంటి గుర్తులను ముందే అండర్‌స్కోర్‌గా మార్చండి. తెలుగు పేర్లు ఇబ్బంది పెట్టవు కానీ, ఫైలు ఆబ్జెక్టు నేమ్‌ను లాగ్‌లో రాయిస్తే శాతం గుర్తులు, అంకెల వరుస వస్తుంది. నెల్లూరులోని ఒక్క ‘నె’ 18 గుర్తులుగా సాగుతుంది. చూసి కంగారు పడకండి, డీకోడ్‌యూఆర్‌ఐతో తిప్పి రాస్తే పేరు మామూలుగా కనిపిస్తుంది.

రెండర్ మొదలుపెట్టే ముందు, క్యూలో అంతకు ముందే ఎవరో వదిలేసిన ఐటమ్‌లు ఉన్నాయేమో చూడండి. స్క్రిప్టు రెండర్ అనగానే అవి కూడా లేచి కూర్చుంటాయి. వరుసలో ఉన్నవాటి రెండర్ విలువను ఫాల్స్‌గా మార్చి ఆపండి. పూర్తయినవాటి జోలికి వెళ్తే మళ్లీ ఎర్రర్ వస్తుంది, కాబట్టి ముందు స్టేటస్ పరీక్షించాలి.