జీపీఎస్ ఆన్ చేసే ముందు మ్యాప్ మీద వేలు పెట్టండి

ప్రశ్న: సార్, నేను సైనిక శిక్షణలో ఉన్నాను. ల్యాండ్ నావిగేషన్ క్లాసులో రెండు వారాలుగా మ్యాప్, కంపాస్ తప్ప ఇంకేమీ ఇవ్వడం లేదు. చేతి జీపీఎస్‌లు స్టోర్‌లోనే ఉన్నాయి, అడిగితే తర్వాత చూద్దాం అంటున్నారు. బటన్ నొక్కితే ఎక్కడున్నామో తెలిసిపోయే రోజుల్లో ఇలా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం టైమ్ వేస్ట్ కాదా?

జవాబు: కాదు. మీ విసుగు అర్థమవుతోంది, ఈ ప్రశ్న అడగని బ్యాచ్ నాకు ఇంతవరకు తగల్లేదు. కానీ జీపీఎస్‌కి బాగా తెలిసింది ఒక్కటే, మీరు నిలబడ్డ చోటు. ఎదురుగా ఉన్న గుట్ట అవతల ఏముందో, వాగు ఎక్కడ దాటొచ్చో, ఏ వాలు మీదుగా వెళ్తే ఎదుటివాడి కంట పడమో అది చెప్పదు, మ్యాప్ మీద ఎత్తుపల్లాలు చూపించే కాంటూర్ గీతలు చదివి మీరే తేల్చుకోవాలి. పైగా ఆ సిగ్నల్ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది, మన చేతిలోకి చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే దగ్గర్లో ఒక చిన్న జామర్ చాలు దాన్ని ముంచేయడానికి. ఉక్రెయిన్ యుద్ధంలో ఇది రోజువారీ సంగతి అయిపోయింది. జామింగ్ అయితే కనీసం స్క్రీన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి తెలుస్తుంది, స్పూఫింగ్ (దొంగ సిగ్నల్ పంపడం) అయితే పరికరం పూర్తి నమ్మకంతో తప్పు చోటు చూపిస్తుంది. అప్పుడు 'ఇది నేనున్న చోటు కాదే' అనిపించాలంటే మీ బుర్రలో ముందే ఒక అంచనా ఉండాలి కదా!

అయితే ఒక విషయంలో నేను మీ పక్షమే. కోర్సు ఆఖరి రోజు దాకా జీపీఎస్‌ని తాళం వేసి ఉంచడం నాకు నచ్చదు. మ్యాప్, కంపాస్ కాస్త చేతికి అలవాటు కాగానే ఇవ్వాలి, కానీ దారి చూపించడానికి కాదు, మన లెక్క సరిచూసుకోవడానికి. నేను చేయించే పద్ధతి చెప్తాను. ఒక్కో లెగ్ (ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్ దాకా నడక) పూర్తయ్యాక ఆగండి, చుట్టూ నేలను చూడండి, మ్యాప్ మీద వేలు పెట్టి 'నేను ఇక్కడున్నాను' అని గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ గళ్ల ప్రకారం ఆ చోటును చెప్పే అంకెలు) నోటుబుక్‌లో రాయండి. రాసిన తర్వాతే పరికరం ఆన్ చేసి, అది చూపించిన అంకెలు పక్కనే రాయండి, రెండింటికీ తేడా ఎన్ని మీటర్లు, ఏ వైపు అన్నది కూడా. మొదట్లో ఆ తేడా 300, 400 మీటర్లున్నా టెన్షన్ పడక్కర్లేదు. మనం చూడాల్సింది తేడా ఎటు పోతోందన్నది. ప్రతిసారీ గమ్యానికి ముందే ఆగిపోతున్నారంటే ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నదవుతోందన్నమాట, చదునులో 100 మీటర్లకు ఇన్ని అడుగులని వేసుకున్న లెక్క వాలు మీద పనికిరాదు, దానికి వేరే లెక్క వేసుకోవాలి.

ఒక కుర్రాడి నోటుబుక్ నాకింకా గుర్తుంది, ఎనిమిది లెగ్‌లలో ఏడింట్లో తేడా ఎడమకే. చెట్లు అడ్డొచ్చినప్పుడల్లా ఎడమ పక్క నుంచే తిరుగుతున్నాడేమో అనుకున్నాను. పక్కన నడిచి చూస్తే అసలు సంగతి తెలిసింది, బేరింగ్ (ఉత్తరం నుంచి ఎంత కోణంలో వెళ్లాలో) తీసుకునేటప్పుడు రైఫిల్ ఛాతీ మీదే వేలాడుతోంది, కంపాస్ దానికి జానెడు దూరంలో ఉంది. అమెరికా సైన్యం మ్యాప్ రీడింగ్ మాన్యువల్‌లో కంపాస్‌ని రైఫిల్‌కి అర మీటరు, ట్రక్కుకి 18 మీటర్లు, హైటెన్షన్ తీగలకు 55 మీటర్లు దూరంగా ఉంచమని ఉంటుంది. కంపాస్ పక్కనే జీపీఎస్‌నీ ఫోన్‌నీ పట్టుకోవద్దని నేను కలుపుతాను. ఆ కుర్రాడి తప్పు బయటపెట్టింది జీపీఎస్సే, కాకపోతే అతను తన అంచనా ముందే రాసి పెట్టుకున్నాడు కాబట్టి పట్టుకోగలిగాం.

ప్రశ్న: మా పరికరం చూపించే పాయింట్‌కీ మ్యాప్ మీద ఉన్న పాయింట్‌కీ రెండు మూడు వందల మీటర్ల తేడా వస్తోంది. పరికరం చెడిపోయిందా?

జవాబు: చాలావరకు చెడిపోయి ఉండదు. తేడా ప్రతి చోటా ఒకే వైపు, ఒకే దూరం వస్తోందా? అయితే డేటమ్ చూడండి. భూమిని ఏ ఆకారంగా తీసుకుని ఎక్కడి నుంచి కొలిచి మ్యాప్ గీశారో ఆ ఆధారాన్నే డేటమ్ అంటారు. జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రపంచవ్యాప్త డేటమ్ మీద నడుస్తుంది, పాత మ్యాపులు చాలావరకు ఆయా దేశాల సొంత డేటమ్‌ల మీద ఉంటాయి. రెండూ కలవకపోతే వందల మీటర్లు జరగడం మామూలే. మ్యాప్ అంచున డేటమ్ పేరు అచ్చేసి ఉంటుంది, పరికరం సెట్టింగుల్లో అదే పెట్టండి. తర్వాత మ్యాప్‌లో స్పష్టంగా ఉన్న రోడ్ల కూడలి లాంటి చోట నిలబడి ఒకసారి సరిచూసుకోండి. తేడా ఒకసారి అటూ ఒకసారి ఇటూ వస్తోందంటే మాత్రం అది దట్టమైన చెట్ల వల్లో, పక్కనున్న కొండ గోడకు సిగ్నల్ తగిలి తిరిగి రావడం వల్లో అయ్యుంటుంది, పదడుగులు ఖాళీ జాగాలోకి జరిగి చూడండి.

అలాగే నార్త్ సెట్టింగ్. పరికరం గ్రిడ్ నార్త్ (మ్యాప్ మీది నిలువు గీతలు చూపే ఉత్తరం) ప్రకారం బేరింగ్ ఇస్తుంటే, మీరు దాన్ని అలాగే కంపాస్ మీద పెట్టుకుని నడిస్తే, ఆ ప్రాంతంలో గ్రిడ్ నార్త్‌కీ మాగ్నెటిక్ నార్త్‌కీ (అంటే కంపాస్ ముల్లు చూపే ఉత్తరానికి) ఎన్ని డిగ్రీల తేడా ఉందో అంత పక్కకు పోతారు. ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరుకు సుమారు 17 మీటర్లు. 10 డిగ్రీలు తేడా ఉన్న చోట 2 కిలోమీటర్లు నడిస్తే 350 మీటర్లు, రాత్రిపూట అయితే వేరే లోయలోకి దిగిపోయినట్టే. పరికరం మరొకరి చేతి నుంచి వచ్చిందంటే బయల్దేరే ముందు డేటమ్, గ్రిడ్ పద్ధతి, నార్త్, కోణాల కొలత డిగ్రీలా మిల్సా (మిల్ అంటే డిగ్రీ కంటే చిన్న కొలత), ఈ నాలుగూ చూడకుండా అడుగు వేయకండి.

ప్రశ్న: గ్రిడ్ రిఫరెన్స్ ఎన్ని అంకెల్లో చెప్పాలి?

జవాబు: ఆరంకెలు 100 మీటర్ల చదరం, ఎనిమిదయితే 10 మీటర్లు, పది అయితే 1 మీటరు. 1:50,000 మ్యాప్ మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు, పెన్సిల్ మొన చుక్కే పాతిక మీటర్లు మింగేస్తుంది, కాబట్టి మ్యాప్ మీంచి చదివితే ఆరంకెలు చాలు. పరికరం పదంకెలు ఇస్తుంది. దాన్ని ఆరుకు కుదించేటప్పుడు చాలామంది చివరి నాలుగూ కొట్టేస్తారు, అది పెద్ద తప్పు. 45678 12345 అని ఉంటే ఆరంకెల్లో 456 123. మొదటి ఐదంకెలు ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత), తర్వాతి ఐదు నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత), కాబట్టి ఈస్టింగ్‌లో చివరి రెండు, నార్తింగ్‌లో చివరి రెండు తీసేయాలి. వరసగా రాసి చివర్న కొట్టేస్తే 456781 మిగులుతుంది, అది వేరే చోటు.

ప్రశ్న: చాలా రోజుల తర్వాత ఆన్ చేస్తే ఎంతసేపటికీ లొకేషన్ పట్టడం లేదు.

జవాబు: ఓపిక పట్టండి, నడవకుండా ఆకాశం బాగా కనపడే చోట పెట్టండి. శాటిలైట్లన్నీ ఎక్కడెక్కడున్నాయో చెప్పే పూర్తి పట్టిక, అల్మనాక్ అంటారు, అది జీపీఎస్ సిగ్నల్ మీద మొత్తం రావడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకే క్యాంప్‌లోనే ఆన్ చేసి, పట్టాక బయల్దేరాలి. చలి ప్రదేశమైతే ఆల్కలైన్ బ్యాటరీలు తొందరగా పడిపోతాయి, లిథియం నయం, విడి సెట్ లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకోండి.

ప్రశ్న: రాత్రి అభ్యాసంలో జీపీఎస్ వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: వెలుతురు ఉండగానే బీప్ ఆఫ్ చేసి, స్క్రీన్ వెలుగు ఆఖరి మెట్టుకు దించండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది, ఒక్కసారి వెలిగే స్క్రీన్ వైపు చూస్తే ఆ అరగంటా పోతుంది, పైగా ఆ వెలుగు దూరం నుంచి కనపడుతుంది కూడా. పాంచో (వాన కోటు) కప్పుకుని, ఒక కన్ను మూసుకుని చూడండి. ఇంకోటి, గమ్యం ఒక్కటే కొట్టి 'గో టు' నొక్కకండి, అది గీసే తిన్నని గీతకి మధ్యలో ఉన్న కొండచరియతో పని లేదు. మ్యాప్ మీద మీరు ఎంచుకున్న దారిలోనే వాగు మలుపు, రిడ్జ్ (కొండ వెన్ను) చివర, కాలిబాట కలిసే చోటు, ఇలా నాలుగైదు వేపాయింట్లు (దారి మధ్య గుర్తులు) పరికరంలో ముందే వేసుకోండి, వేసిన అంకెలు పక్కనున్నవాడి చేత పైకి చదివించుకోండి.